తొందర ఖరీదు

కోనసీమలోని మా ఉప్పలగుప్తం మండలంలో విదేశం అంటే సంపాదనకి వెళ్ళే చోటు. కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్. అక్కడి నుంచి వచ్చిన డబ్బుతో ఇక్కడ శ్లాబు ఇల్లు లేస్తుంది, ఆడపిల్ల పెళ్ళి జరుగుతుంది. అలాంటి చోట ఉంటూ, రిటైరైన మేమిద్దరం కేవలం చూసి రావడానికి 2025 సెప్టెంబరులో బుడాపెస్ట్, వియన్నా, ప్రాగ్ వెళ్ళొచ్చాం. ఎవరు కనిపించినా మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంతయిందండీ?" అడగాల్సిన ప్రశ్నే. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి జవాబు లెక్కతోనే చెబుతాను. ఇద్దరికీ కలిపి నాలుగు లక్షలు దాటింది. ఆ అంకె కన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఇలాంటి ప్రయాణంలో డబ్బు తినేసేది దూరం కాదు, తొందర.

ముందు అప్పు సంగతి చూద్దాం. ఇప్పుడు వెళ్ళి రండి, తర్వాత నెలనెలా కట్టండి అనే రుణాలు ఫోను తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. నాలుగు లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ళ వాయిదాల మీద తీసుకుంటే నెలకి సుమారు 13,670 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది 4 లక్షల 92 వేలు. అదే మూడేళ్ళు ముందుగా బ్యాంకులో నెలకి 10,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ కడితే, 7 శాతం లెక్కన చేతికి 4 లక్షల పైచిలుకు వస్తుంది. మన జేబులోంచి పోయేది 3 లక్షల 60 వేలే. చూసే ఊళ్ళు అవే, ఎక్కే రైళ్ళూ అవే. తేడా మాత్రం లక్షా ముప్ఫై రెండు వేలు. మూడేళ్ళు ఆగలేకపోవడానికి కట్టే ధర అది. మేం రెండో దారి పట్టాం.

డిపాజిట్ కట్టడానికి పింఛను ఉంది. దానికి తోడు మాకు ఎకరన్నర కొబ్బరి తోట. దింపు తీసిన ప్రతిసారీ కాయంతా నీటికాయగా అమ్మేయకుండా కొంత అటకెక్కించి కురిడీ కట్టడం మా అత్తగారి నాటి అలవాటు. నెలల తరబడి అటక మీద ఉండి లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి గుడ్డు చిప్పను వదిలి గటగటమని కదులుతుంది. అంబాజీపేట మార్కెట్లో కురిడీల్లో గండేరా రకానికి ఒక ధర, గటగట రకానికి ఒక ధర. ఏ ఏడు ఎంత పలుకుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే రెండు డబ్బుల్నీ కలపలేదు. నెలనెలా తప్పకుండా వచ్చే పింఛనులోంచి కట్టిన డిపాజిట్‌ని తప్పని ఖర్చులకి పెట్టుకున్నాం: విమానం, వీసా, బస, రైళ్ళు, తిండి. ధర ఊగే కురిడీ డబ్బు సరదాలకి. సంగీతం వినాలన్నా, కొండెక్కాలన్నా, మనవలకి ఏదైనా కొనాలన్నా దాంట్లోంచే. కొబ్బరి ధర పడిపోతే సరదాలు తగ్గుతాయి గానీ ప్రయాణం ఆగదు. 2025లో ధర బాగా పెరిగింది కాబట్టి సరదాల సంచీ కాస్త బరువుగానే బయల్దేరింది.

ఈ రెండింటికీ ముందు మూడో డబ్బు ఒకటి ఉంది. దాన్ని ముట్టుకోలేదు. 1996 నవంబరు తుపానులో ఒక్క రాత్రిలో తోటలకి తోటలు నేలమట్టమవడం చూసినవాళ్ళం. మొక్క నాటితే మళ్ళీ కాపుకొచ్చే దాకా ఏళ్ళు పడుతుంది. ఆసుపత్రికీ తుపానుకీ దాచిన డబ్బు యాత్రలకి కాదు. అది లేనివాళ్ళు ముందు దాన్ని కూడబెట్టుకున్నాకే పాస్‌పోర్టు సంగతి చూడాలని నా గట్టి అభిప్రాయం.

"అక్కా, ఆ నాలుగు లక్షలూ రోడ్డు పక్కన స్థలం మీద పెట్టొచ్చు కదా" అన్నాడు మా తమ్ముడు.

"స్థలం డెబ్బై ఏళ్ళప్పుడైనా కొనొచ్చురా. కొండలెక్కడం అప్పుడు కుదరదు" అన్నాను. డబ్బు విషయంలో దాదాపు అన్నీ ఆగగలవు. ఒళ్ళు ఒక్కటే ఆగదు. అరవై దాటినవాళ్ళు వేసుకోవాల్సిన లెక్కల్లో ఇదీ ఒకటి.

తర్వాతి నిర్ణయం ప్యాకేజీయా, సొంతంగానా అన్నది. ప్యాకేజీ అంటే పదిరోజుల్లో ఏడు దేశాలు, రోజుకో హోటలు, రోజంతా బస్సు. మేం వెళ్ళిన ఏడాది రూల్స్ ప్రకారం విదేశీ టూర్ ప్యాకేజీకి పది లక్షల లోపైనా మొదటి రూపాయి నుంచే 5 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే ముందుగా పట్టుకునే పన్ను, వసూలు చేసేవారు. సొంతంగా బుక్ చేసుకుని ఫారెక్స్ కార్డు మీద డబ్బు వేసుకుంటే, మనిషికి ఏడాదిలో పది లక్షల దాకా టీసీఎస్ లేదు. టీసీఎస్ పోయే డబ్బు కాదు, రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది, లేదా తిరిగొస్తుంది. కానీ వ్యవసాయ ఆదాయానికి పన్ను లేక ఎప్పుడూ రిటర్ను వేయని మా వైపు రైతులు ఆ డబ్బు వెనక్కి రావాలంటే రిటర్ను వేయాల్సిందే. ప్యాకేజీ తీసుకునేవాళ్ళు ఆ ఏడాది రేటు కనుక్కుని, ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సొంతంగా వెళ్దామనుకున్నాక ఒకే రైలు దారి ఎంచుకున్నాం: బుడాపెస్ట్, అక్కడి నుంచి వియన్నా, అక్కడి నుంచి ప్రాగ్. బుడాపెస్ట్‌లో దిగి ప్రాగ్‌లో ఎక్కేలా విమానం టికెట్టు తీసుకోవడంతో, వెళ్ళిన దారినే వెనక్కి రావాల్సిన ఖర్చు తప్పింది. మూడు దేశాలకీ ఒకే షెంగెన్ వీసా చాలు; ఎక్కువ రోజులు ఉండేది ఆస్ట్రియాలో కాబట్టి దానికి ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఈ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. 30,000 యూరోలకి తగ్గకుండా వైద్య బీమా ఉండాలి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీసా చేతికొచ్చే దాకా డబ్బు కోయకుండా రద్దు చేసుకోగలిగిన బసలే తీసుకున్నాం. రైలు టికెట్లు మాత్రం వీసా రాగానే కొనేశాం. అక్కడి రైల్వేల్లో ముందుగా కొన్న టికెట్టు చాలా చవక, రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. చవక టికెట్టుకి ఒక షరతు ఉంది. ఏ రైలుకి కొన్నామో దానికే చెల్లుతుంది.

రూపాయి సంగతి ఇంకా పెద్దది. 2025 ఫిబ్రవరిలో యూరో 90 రూపాయలకి కాస్త అటూ ఇటూగా ఉంది. సెప్టెంబరుకి నూరు దాటింది. అంతా చివర్న కొని ఉంటే యూరోల్లో పెట్టే ఖర్చు పదో వంతుకి పైగా పెరిగేది. ధర ఎటు పోతుందో మాకేం తెలుసు? తెలియదు కాబట్టే ఒకేసారి కొనకుండా ఆరేడు నెలల్లో విడతలుగా ఫారెక్స్ కార్డులో వేసుకున్నాం. ప్రతి విడతకీ కొంత ఛార్జీ పడుతుంది, అందుకే విడతలు మరీ చిన్నవి చేయలేదు.

ఆస్ట్రియాలో యూరో, హంగరీలో ఫోరింట్, చెక్ దేశంలో కొరునా. పర్యాటకులు తిరిగే చోట ఏటీఎంలో కార్డు పెడితే ఒక తెర వస్తుంది: మీ సొంత కరెన్సీలో లెక్కకట్టమంటారా, ఇక్కడి కరెన్సీలోనా? సొంత కరెన్సీ అనగానే మనకి ధైర్యం అనిపిస్తుంది. అది నొక్కితే మారకం రేటు మన బ్యాంకుది కాదు, ఆ మిషను వాళ్ళది, మనకి ఎక్కువ పడుతుంది. వెనక క్యూ ఉన్నా సరే, నిలబడి చదివి, స్థానిక కరెన్సీయే నొక్కాలి. దుకాణంలో కార్డు గీకినప్పుడూ అంతే. ప్రాగ్ వీధుల్లోని మారకం దుకాణాల్లో నష్టపోయే పర్యాటకులు ఎక్కువై, నోట్లు మార్చుకున్న మూడు గంటల్లోగా ఆ మారకాన్ని రద్దు చేసుకునే హక్కు 2019లో చట్టంలో పెట్టారు. రసీదు పారేయకూడదు.

తిండికి వంటిల్లున్న అపార్ట్‌మెంట్లు తీసుకున్నాం. పాలు, మాంసంతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి పట్టుకెళ్ళకూడదు కాబట్టి నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలి, ఆవకాయ, కందిపొడి సర్దుకున్నాం. బియ్యం అక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోవాలి. మేం వెళ్ళిన 2025లో వియన్నాలో మూడు రోజుల రవాణా టికెట్టు 17 యూరోల 10 సెంట్లు, ఒక్క ప్రయాణానికైతే 2 యూరోల 40 సెంట్లు ఉండేది. ఎనిమిదోసారి ఎక్కేసరికి టికెట్టు డబ్బు వచ్చేసినట్టే.

నీళ్ళకి మాత్రం అక్కడ పైసా ఖర్చు లేదు. సముద్రం వారనున్న మా ఊళ్ళల్లో బోరు వేస్తే ఉప్పు నీరు, తాగడానికి టిన్నులు కొనుక్కుంటాం. వియన్నాలో వీధి కుళాయి తిప్పితే కొండ ఊట వస్తుంది. 1873లో రాక్స్, ష్నీబెర్గ్ కొండల నుంచి దాదాపు వంద కిలోమీటర్లు కాలువ కట్టి, మోటార్లు లేకుండా వాటం మీదే ఆ నీటిని నగరానికి తెచ్చారు. ఇప్పటికీ అదే నీరు. వెయ్యికి పైగా కుళాయిల దగ్గర సీసా నింపుకోవచ్చు. మా ఆయన మొదటి గుక్క తాగి చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకైతే మా ఊరి ఆడవాళ్ళ టిన్నుల లెక్క కళ్ళ ముందు తిరిగింది. నూట యాభై ఏళ్ళ కిందట ఒక నగరం పెట్టిన ఖర్చు, ఈ రోజుకీ ప్రతి ఇంటి ఖర్చునీ తగ్గిస్తూనే ఉంది.

ఆ నీళ్ళొచ్చే వైపే కొండలూ చూశాం. ఆల్ప్స్ అనగానే అందరూ స్విట్జర్లాండ్ అంటారు. అక్కడ 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి వెళ్ళే రైలు టికెట్టే సాధారణ ధరలో మనిషికి రెండు వందల ఫ్రాంకులు దాటుతుంది. దానికి బదులు వియన్నా నుంచి మామూలు రైలెక్కి సెమ్మరింగ్ వెళ్ళాం. కార్ల్ ఫాన్ గేగా అనే ఇంజనీరు గీసిన ఆ కొండ రైలు దారి పని 1848లో మొదలై 1854లో పూర్తయింది. గ్లోగ్నిట్స్ నుంచి మ్యూర్జ్‌ట్సుష్లాగ్ దాకా 41 కిలోమీటర్లలో 14 సొరంగాలు, 16 పెద్ద వంతెనలు. పని మొదలైనప్పటికి ఆ ఎత్తు ఎక్కగల ఇంజనే లేదు. దానికోసం 1851లో పోటీ పెట్టారు. ఈ రైలు దారి 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇదంతా చూడడానికి వేరే టికెట్టు అక్కర్లేదు, ఊరికి పోయే రైలే ఆ వంతెనల మీద నుంచి పోతుంది.

సెమ్మరింగ్ స్టేషన్లో దిగి అడవి దారి పట్టి నడిస్తే ఒక మలుపు వస్తుంది. ఆస్ట్రియా పాత ఇరవై షిల్లింగుల నోటు మీద ముద్రించిన దృశ్యం అక్కడి నుంచి కనిపించేదే. లోయలో కాల్టె రిన్నె వంతెన, కమానుల మీద కమానులు, రెండంతస్తులు. దాన్ని చూడగానే మా ఇద్దరికీ ఒకే మాట నోటికొచ్చింది: మా కోనసీమలో కాలువ నీళ్ళని గోదావరి పాయ దాటించే గన్నవరం అక్విడెక్టు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేస్తే, అవే ఏళ్ళల్లో ఇక్కడ ఈ రాళ్ళు పేర్చారు. మన దగ్గర ఆ కమానులు నీళ్ళు మోశాయి, ఇక్కడ రైలు మోస్తున్నాయి. బెంచీ మీద కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. కింద గూడ్సు బండి ఒకటి వంతెన మీద మెల్లగా వంపు తిరిగింది.

ఆ కొండ కిందే ఇప్పుడు 27 కిలోమీటర్ల కొత్త సొరంగం కడుతున్నారు. అది తెరిస్తే వేగంగా పోవాల్సిన రైళ్ళు చీకట్లోంచి దూసుకుపోతాయి. పనుండి పోయేవాళ్ళకి అదే మేలు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మాత్రం పైదారిలోనే పోవాలి.

ఇంటికొచ్చాక ఖాతా ముగించి చూస్తే డిపాజిట్ డబ్బు దాదాపు ఖర్చయింది, కురిడీ డబ్బులో కొంత మిగిలింది, తుపాను డబ్బు అలాగే ఉంది. వాయిదా అంటూ ఏదీ లేదు. నాతో పనిచేసిన టీచర్లు అడిగితే వరస ఇలా చెబుతున్నాను: ముందు ఆపద డబ్బు, తర్వాత ప్రయాణం పేరుతోనే ఒక డిపాజిట్, అది పండాకే వీసా, వీసా వచ్చాకే వెనక్కి రాని ఖర్చులు. ఈ వరస తప్పకుండా నడిపితే పింఛను మీద బతికే ఇంటికి కూడా ఆల్ప్స్ కొండలు అందని చోటేం కాదు. గల్ఫ్‌లో ఇళ్ళు తుడిచి ఊరికి డబ్బు పంపిన మా ఊరి ఆడవాళ్ళు కూడా, బాధ్యతలు తీరాక, ఒక్కసారైనా పనికోసం కాకుండా విమానం ఎక్కాలని నా కోరిక. వాళ్ళలో ఒకామె పోయిన నెల నాతో బ్యాంకుకొచ్చి రెండు వేల డిపాజిట్ మొదలుపెట్టింది. ఏ ఊరు వెళ్ళాలో ఆమె ఇంకా అనుకోలేదు. అనుకోడానికి ఆమెకి అయిదేళ్ళ టైముంది.