వేడి పోవు త్రోవ

కొల్లేటికి నీరు వచ్చు త్రోవలు పెక్కు కలవు. బుడమేరు వచ్చును, తమ్మిలేరు వచ్చును, కృష్ణా గోదావరీ డెల్టాల మురుగు కాలువలు ఎన్నియో వచ్చి కలియును. కాని ఆ నీరు సముద్రమునకు పోవుటకు ఉన్న త్రోవ ఉప్పుటేరు ఒక్కటియే. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతమును చేరును. సరస్సు గర్భమున చేపల చెరువుల గట్లు పెరిగి, నీరు ఆ త్రోవకు చేరకుండ అడ్డుపడినప్పుడు ఎగువనున్న పొలములును ఊళ్లును మునిగినవి. 2006వ సంవత్సరమున ప్రభుత్వము ఆ గట్లను పెద్దయెత్తున కొట్టించుటకు గల కారణములలో ఇదియు ఒకటి. ఈ సంగతి ఎరిగిన కొల్లేటి పిల్లవానికి, బల్లమీద పెట్టుకొను చిన్న కంప్యూటరు పెట్టెలోని మర్మము సగము తెలిసినట్లే. దాని లోనికి విద్యుత్తు వచ్చుట సులభమే. ఆ విద్యుత్తు వలన పుట్టిన వేడి వెలుపలికి పోవుటయే కష్టము.

ఆ పెట్టె కార్యాలయములలో లెక్కలు వ్రాసికొను కంప్యూటరు వంటిది కాదు. వీడియో ఆటల కొరకు తయారైనది. ఏలూరు అంగళ్లలో భాగములను వేరువేరుగా ఎంచుకొని బిగింపించుకొను అలవాటు చాలకాలముగా ఉన్నది. ఇది అట్లు గాక, కర్మాగారముననే అన్ని భాగములును కూర్చి, పరీక్షించి, మూసి అమ్ముదురు. చూచుటకు చిన్నది, రొద తక్కువ, శక్తి మాత్రము అధికము. జనులు ఇట్టి పెట్టెనంతటిని సి.పి.యు. అని పిలుచుట కద్దు. నిజమునకు ఆ పేరు లోపలనున్న ఒక చిన్న చిప్పునకే చెందినది. ఇంటి పేరును ఇంటిలోని పెద్దకు పెట్టుట వాడుకయే కాని, పెద్ద పేరు ఇంటికి పెట్టుట ఇచట జరిగినది!

1946లో అమెరికాలో వెల్లడియైన ఎనియాక్ అను కంప్యూటరు సుమారు 30 టన్నుల బరువుండెడిది. ఒక పెద్ద గదినంతటిని ఆక్రమించి, దాదాపు 18,000 వాల్వులతో 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగెడిది. తరువాత ట్రాన్సిస్టరు వచ్చినది, చిప్పు వచ్చినది, యంత్రము కృశించినది. హైదరాబాదునందలి ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును తయారుచేసినప్పుడు అది బీరువా వంటి చట్రమున ఇమిడినది. 2001లో వియా అను తైవాను సంస్థ ప్రతి ప్రక్కయు 17 సెంటీమీటర్లే ఉండు మదర్‌బోర్డు కొలతను ప్రవేశపెట్టినది. నేటి చిన్న పెట్టెలలో పెక్కింటికి ఆ కొలతయే ఆధారము. 2017లో కోర్సేర్ అను సంస్థ విడుదల చేసిన ఆటల కంప్యూటరు మొత్తము పరిమాణము 12 లీటర్లు. అనగా ఇంచుమించు ఒక నీళ్ల బిందె అంత.

ఆటకు ఇంత శక్తి ఏల అని అడుగవచ్చును. తెరమీద అడ్డముగా 1920 చుక్కలును, నిలువుగా 1080 చుక్కలును ఉన్నవనుకొనుడు. మొత్తము 20,73,600 చుక్కలు. ఆటలో బొమ్మ కదలుట సహజముగా కనబడవలెనన్న, సెకనునకు 60 చిత్రములైనను గీయవలెను. అనగా ఒక్క సెకనులో 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. గోడమీద నీడ ఎచట పడును, నీటిలో ఆకాశము ఎట్లు ప్రతిఫలించును అను ప్రశ్నలు ప్రతి చుక్కకును ఉండును. చలనచిత్రము ముందుగా తీసి ఉంచినది. ఆట అట్టిది కాదు. ఆడువాడు తల త్రిప్పిన క్షణముననే క్రొత్త చిత్రము పుట్టవలెను. ఈ పని ఒక్క చిప్పుకు మించినది. అందువలన వేలకొలది చిన్న గణకులు ఒక్కమారుగా పనిచేయు గ్రాఫిక్సు చిప్పు వేరుగా ఉండును. నూరుమంది నాట్లు వేయు కూలీలు వరుసగా వంగి ఒక్కసారి మడిని ముగించినట్లుండును దాని పని.

కూలీలు పెరిగినకొలది కూలియు పెరుగవలెను గదా! ఇచట కూలి విద్యుత్తు. 2022లో వెలువడిన ఎన్విడియా 4090 అను గ్రాఫిక్సు కార్డు 450 వాట్ల వరకు తీసికొనును. ఇంటి కప్పునకు వ్రేలాడు 75 వాట్ల పంకాలు ఆరు కలిసినంత. ఆ కంప్యూటరు నీరు తోడదు, పిండి రుబ్బదు. కావున అది తీసికొన్న విద్యుత్తంతయు తుదకు వేడిగా మారి గదిలోనికి వచ్చును. 500 వాట్లు తీసికొను యంత్రముతో దినమునకు 4 గంటలు ఆడినచో 2 యూనిట్లు, నెలకు 60. బిల్లు వచ్చినప్పుడు ఈ లెక్క తండ్రికి తెలియును. పెట్టె కొనునప్పుడే తెలిసిన మేలు.

ఇక ఆ వేడి చిప్పును విడిచి ఎట్లు పోవును? చిప్పునకు ఆనించి రాగి గొట్టములు ఉండును. వానిలో గాలి తీసివేసి, కొంచెము ద్రవము పోసి మూసివేయుదురు. చిప్పు దగ్గర ద్రవము ఆవిరియై గొట్టము రెండవ చివరకు పోవును. అచట పలుచని లోహపు రేకుల మధ్య చల్లారి మరల ద్రవమగును. గొట్టము లోపలి గోడకు అంటియున్న వత్తి వంటి పొర దానిని వెనుకకు పీల్చుకొనివచ్చును. పొయ్యిమీది గిన్నెమూతకు నీటి బిందువులు పట్టుట చూచినవారికి ఇందులో వింత లేదు. వింత ఏమనగా, కదలు భాగము ఒక్కటియు లేకయే ఈ పని రేయింబవళ్లు జరుగుట.

రేకులమీదుగా గాలి తోలుటకు మాత్రము ఫ్యాను కావలెను. రొద పుట్టునది అచటనే. తాటాకు విసనకర్రతో విసరిన అవ్వకును, అట్టముక్కతో విసరుకొను మనుమనికిని గల భేదమును చూడుడు. అవ్వ చేయి మెల్లగా కదలును, గాలి నిండుగా వచ్చును. మనుమడు పటపటలాడించును, గాలి చాలదు. ఫ్యానులలోను అంతే. ఫ్యాను వేగము రెట్టింపైనచో రొద సుమారు 15 డెసిబెల్లు పెరుగును. పది పెరిగిననే చెవికి రెండింతలుగా తోచును. కాబట్టి నిశ్శబ్దముగా నుండవలెనన్న పెద్ద ఫ్యాను మెల్లగా తిరుగవలెను. కాని చిన్న పెట్టెలో పెద్ద ఫ్యానునకు చోటెక్కడిది? చిన్నతనము, నిశ్శబ్దము, శక్తి, ఈ మూడింటికిని సహజముగా పొత్తు కుదరదు. కుదిర్చినవారి నేర్పునకే కొనువాడు అధికముగా సొమ్ము చెల్లించుచున్నాడు.

ఆ నేర్పు లోపించినచో ఏమగునో లోకమునకు తెలిసినది. మైక్రోసాఫ్టు సంస్థ 2005లో ఎక్స్‌బాక్స్ 360 అను ఆటల యంత్రమును విడుదల చేసినది. ఇదియు ఒక విధమైన చిన్న కంప్యూటరే. ఆడినప్పుడెల్ల చిప్పు వేడెక్కుచు, ఆపినప్పుడెల్ల చల్లారుచు నుండుటచే దాని సన్నని అతుకులు తెగి, పెక్కు యంత్రములు పాడైనవి. పాడైన దానిమీద మూడు ఎర్రని దీపములు వెలిగెడివి. 2007లో సంస్థ వారంటీని మూడేండ్లకు పెంచి, అందుకై 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయింపవలసి వచ్చినది. ఆ సంస్థకు 2014లో అధిపతియైన సత్య నాదెళ్ల హైదరాబాదున పుట్టినవాడు. ఆయన కాలమున 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ను చూడుడు. నిలువుగా నిలబెట్టిన స్తంభము వలె ఉండును. పైభాగమున 13 సెంటీమీటర్ల ఫ్యాను ఒక్కటియే. గాలి క్రిందనుండి వచ్చి పైకి పోవును. వేడిగాలి సహజముగా పోగోరు దిక్కునకే దానిని పోనిచ్చిరి. నూరు కోట్ల డాలర్లు చెల్లించినవారికి ఈ పాఠము మరపునకు రాకపోవుట న్యాయమే.

అయినను, ఆ యంత్రములను నిర్మించినవారి గదులు వేరు, ఏలూరి గదులు వేరు. వేసవిలో ఈ ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు దాటును. ఫ్యాను ఎంత మేలైనదైనను, గదిలోని గాలికంటె చల్లగా చిప్పును చేయజాలదు. గాలియే 40 డిగ్రీలుండగా దాని సాయము తగ్గిపోవును. అప్పుడు చిప్పు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. డబ్బు పోసి కొన్న శక్తిలో కొంత ఎండపాలగును. దుమ్ము మరియొక శత్రువు. ఏలూరు తివాచీలకు ప్రసిద్ధి గన్న పట్టణము. మగ్గములున్న యిండ్లలో ఉన్ని నూగు గాలిలో తేలుచుండును. తాడేపల్లిగూడెమున బియ్యపు మిల్లుల దరి ఊక ధూళి ఎగురుచుండును. చిన్న పెట్టెలోని రేకుల సందులు దువ్వెన పండ్లవలె సన్ననివి. నూగు పట్టినచో అవి మూసికొనిపోవును; ఫ్యాను ఆయాసపడి అరచును; నిశ్శబ్దమను పేరు అట్టమీద మాత్రమే మిగులును.

ఇంత చెప్పినను ఆ పెట్టెను ధనికుల వేడుక అని త్రోసివేయుట తగదు. కొల్లేటి లంకలలో చేపల చెరువు సాగుచేయు ఒక కుటుంబమును తలచుకొనుడు. ఇంటికి రెండు గదులు. కొడుకు తాడేపల్లిగూడెమున ఇంజనీరింగు చదువుచున్నాడు. ఆ పట్టణమున 2015లో స్థాపితమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు, ఇతర కళాశాలలును కలవు. సెలవులకు వచ్చి రాత్రి యంత్రము ముందు కూర్చుండును. ప్రక్కన నానమ్మ పండుకొనియుండును. తెల్లవారకముందే చెరువునకు పోవలసిన తండ్రి ఆ గదిలోనే నిద్రించును. పెద్ద పెట్టె హోరు పెట్టినచో “ఆ రొద మాన్పించరా నాయనా” అని నానమ్మ అనక తప్పదు. పది గదుల ఇంటివానికి రొద ఒక చిరాకు. రెండు గదుల ఇంటివానికి అది పదిమంది నిద్ర. చిన్నతనమును నిశ్శబ్దమును నిజముగా కోరదగినవారు ఇరుకు ఇండ్లవారే. హాస్టలునుండి ఇంటికి బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చుకొనుటకును చిన్న పెట్టెయే వీలు.

ఆటల యంత్రమునకు అంత సొమ్మా అని పెద్దలు అనవచ్చును. అందులో సగము సత్యము కలదు. రెండవ సగమునకు సాక్ష్యము 2012లో టొరంటో నగరమున దొరకినది. అచటి విశ్వవిద్యాలయపు విద్యార్థి అలెక్స్ క్రిజెవ్‌స్కీ ఆటల కొరకు అమ్ముడగు రెండు గ్రాఫిక్సు కార్డులను తన తల్లిదండ్రుల ఇంటిలోని పడకగదిలో పెట్టుకొని, సుమారు 12 లక్షల చిత్రములను చూపి, వస్తువులను గుర్తించుట కంప్యూటరునకు నేర్పెను. ఐదారు దినములు పట్టినది. ఆ యేటి పోటీలో తక్కిన పద్ధతులన్నియు వెనుకబడినవి. నేడు కృత్రిమ మేధ అని లోకము చెప్పుకొనుచున్న దానికి ఆ పడకగది ఒక ముఖ్యమైన మజిలీ. చుక్కలకు రంగు వేయుటకు పుట్టిన లెక్కయే చిత్రములను గుర్తించుటకును పనికివచ్చినది. అయినను ఆ కుర్రవాడు యంత్రముతో ఆడుటకు మాత్రమే కూర్చుండలేదని పిల్లలు గమనింపవలెను; పెద్దలు గమనింపకున్నను గమనింతురు.

కొనువారు అంగడిలో అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. అమ్మువారు చెప్పువి వేరుగా ఉండును. గాలి ఎచటనుండి లోనికి వచ్చును, ఎచటనుండి పోవును? మూత ఇంటిలో మామూలు స్క్రూడ్రైవరుతో ఊడునా? విద్యుత్తు సరఫరా చేయు భాగము పాడైనచో ఏలూరులో దొరకునా, లేక ఆ సంస్థ పెట్టెకు మాత్రమే సరిపోవు ప్రత్యేకపు ఆకారమా? ఈ చివరి ప్రశ్న అన్నింటికంటె ముఖ్యము. సామాన్యమైన పెద్ద పెట్టెను వీధిచివరి మెకానిక్కు గంటలో బాగుచేయును. కొన్ని చిన్న పెట్టెలకు అదే రోగమునకు నగరమునకు పంపి వారములు వేచియుండవలెను. పరీక్షల ముందు వారములు వేచియుండుట ఎంత కష్టమో విద్యార్థులకు చెప్పనక్కరలేదు. యు.పి.ఎస్. సంగతియు కలదు. ఇండ్లలో సాధారణముగా నుండు 600 వి.ఎ. యు.పి.ఎస్. 360 వాట్లకు మించి మోయలేదు. ఆట నడుచుచుండగా కరెంటు పోయినచో అదియు దానితోపాటే పోవును. కదల్చు పని లేనివానికి, ఇంట చోటు గలవానికి అదే ధరకు పెద్ద పెట్టెయే లాభము. ఇందు సందేహము లేదు.

చిన్నదానినే కొన్నవారు దానిని గోడకు జానెడు దూరమున, బీరువా అరలో గాక బయట పెట్టవలెను. మీద గుడ్డ కప్పరాదు. ఫాల్గుణము దాటకముందే ఒకమారు కరెంటు తీసివేసి, మూత విప్పి, మెత్తని కుంచెతో రేకులలోని నూగును దులుపవలెను. గాలి ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలెను. విడిచినచో అది అతివేగమున తిరిగి ఇరుసు చెడును. ఈ పనికి పావుగంట చాలును. నానమ్మ కళ్లజోడు తెచ్చుకొని ప్రక్కన కూర్చుండి చూచినను అభ్యంతరము లేదు.