గోటికి తగిలే గాడి

బెజవాడ ఆటోనగర్‌లో పొద్దున్నే వినిపించేవి సుత్తి దెబ్బలు. ఆ రోజు ఒక షెడ్డులో మాత్రం సుత్తి కంటే మాట గట్టిగా వినిపించింది.

"ఇది మూడోసారి బాబాయ్. నువ్వు వేసింది డూప్లికేట్ సీలేమో చూసుకో!"

అన్నది జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. ఓనరూ అతనే. రెండు నెలల్లో రెండుసార్లు వెనక హౌసింగ్‌కి ఆయిల్ సీల్ మార్పించాడు. ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసేచోట వారం తిరక్కుండానే మళ్లీ చెమ్మ. చెమ్మ మీద సిమెంటు దుమ్ము, దుమ్ము మీంచి చుక్క. చుక్కే కదా అని ఊరుకుంటే హౌసింగ్‌లో ఆయిల్ తగ్గిపోయి క్రౌనూ పినియనూ అరిగిపోతాయి. అవి పోతే నాలుగైదు కిస్తీల డబ్బు అక్కడే పెట్టాలి.

డూప్లికేట్ అన్న మాట మేస్త్రికి గుచ్చుకుంది. పైకేమీ అనలేదు. అసిస్టెంటు కుర్రాణ్ని బండి కిందికి పంపాడు, వెనకే తనూ దూరాడు.

హౌసింగ్ మీదుండే బ్రీదర్ మూసుకుపోతే లోపల వేడికి గాలి పెరిగి ఆయిల్‌ని సీలు పక్కనుంచి తోసేస్తుంది. అది శుభ్రంగానే ఉంది. బేరింగ్ వదులైతే పినియన్ ఊగుతుంది, ఊగే దాని మీద ఏ సీలూ నిలవదు. పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. నట్టు మళ్లీ అదే బిగువుకి రావాలి కాబట్టి దాని మీదా, పినియన్ కొస మీదా గుర్తు గీయించి విప్పించాడు. పుల్లరు పెట్టి ఫ్లాంజిని లాగారు. షాఫ్టునీ పినియన్‌నీ కలిపే ముక్క అది. యోక్ అనీ అంటారు. దాని మెడ మీదే సీలు పెదవి ఆనుకుని ఉంటుంది.

డీజిల్‌తో కడిగి తుడిచాక మెడ చుట్టూ దారమంత సన్నటి మెరుపు కనిపించింది. మేస్త్రి బొటనవేలితో తడిమి, "నున్నగానే ఉందే" అన్నాడు. కిందటి రెండుసార్లూ అలాగే అన్నాడు.

కుర్రాడు ఫ్లాంజిని తన వైపు తిప్పుకుని గోటితో అడ్డంగా గీశాడు. గోరు టక్కున ఆగింది.

"ఇక్కడ పడుతోందండీ."

మేస్త్రి మళ్లీ చూశాడు. ఏళ్ల తరబడి ఇనుము పట్టి కాయగాసిన వేలు, అరిగిపోయిన గోరు. ఆయనకేమీ తగల్లేదు. కళ్లద్దాలు తెప్పించుకుని వెలుతురులో పెట్టి చూశాక ఒప్పుకున్నాడు. గాడి ఉంది.

రబ్బరు ఇనుమును కోస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ బావి దగ్గర చేదతాడు రాతిని కోసిన గుర్తులు చూడనివాళ్లు మన ఊళ్లలో ఎంతమంది? ఇక్కడ కోసింది నిజానికి రబ్బరు కాదు, దాని అంచులో ఇరుక్కున్న దుమ్ము. అందులోనూ సిమెంటు దారిలో తిరిగే బండాయె. గాడి పడ్డాక ఎంత ఖరీదైన సీలు తెచ్చి వేసినా దాని పెదవి అక్కడ సరిగ్గా ఆనదు. అయినా అందరం సీలునే తిడతాం, కారేది అక్కడే కనబడుతుంది కనుక.

మెడ మీద తొడిగే స్టీలు స్లీవులు దొరుకుతాయి. మందం 0.28 మిల్లీమీటర్లే కాబట్టి పాత కొలత సీలే సరిపోతుంది. ఈ కొలతది ఆ రోజు దుకాణాల్లో లేదు. కొత్త ఫ్లాంజి ధర విని డ్రైవరు నోరు మెదపలేదు. ఇక మిగిలింది లేత్ షాపు.

అక్కడ మెడను కాస్త తరిగి, ఉక్కు రింగు ఒకటి బిగువుగా ఎక్కించి, పాత కొలతకే తెచ్చారు. అసలు పనితనమంతా ఆఖరి నునుపులో ఉంది. లేత్ పనిముట్టు పక్కకి జరుగుతూ కోస్తుంది గనుక కంటికి ఆనని మరచుట్టు మిగులుతుంది. బండి కదిలితే ఆ మర ఆయిల్‌ని బయటికి తోడిపోస్తుంది. అందుకే ఎమరీ గుడ్డను పక్కకి జరపకుండా ఒక్కచోటే పట్టి, చుట్టు చెరిగిపోయేదాకా తిప్పారు. డ్రైవరు తొందరపెడుతున్నా లేత్ ఆయన చెయ్యి ఎత్తలేదు.

సీలు పెదవికి గ్రీజు రాసి, వంకర పోకుండా దిగ్గొట్టారు. ఆయిల్ ఒక్కోసారి పళ్ల సందుల్లోంచి కూడా పాకుతుంది కాబట్టి నట్టు వాషరు కింద సీలెంట్ పూశారు. గుర్తు కలిసేదాకా నట్టు బిగించి, లెవెల్ బోల్టు కంతలోంచి పొర్లేవరకు గేర్ ఆయిల్ నింపారు.

డబ్బులిచ్చే వేళకి మేస్త్రి లేత్ ఖర్చూ సీలు ధరా మాత్రమే చెప్పాడు. పోయిన రెండుసార్ల కూలీ అందులోంచి తీసేశాడు కూడా.

"అదేంటి బాబాయ్?"

"సీలు మంచిదే అబ్బాయ్. చూసినవాడే సరిగ్గా చూళ్లేదు."

డ్రైవరు మొహమాటపడ్డాడు. డూప్లికేట్ మాట వెనక్కి తీసుకుందామనుకున్నాడో ఏమో, కుర్రాడి చేతిలో టీ డబ్బులు పెట్టి బండెక్కాడు.

వారం తర్వాత తుని దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. పొడిగానే ఉందట.

"తుడిచి చూశావా, ఊరికే వంగి చూశావా?"

"తుడిచే చూశాను బాబాయ్."

"వచ్చే వారం మళ్లీ చూడు" అని ఫోన్ పెట్టేసి, విప్పి బల్ల మీద పెట్టిన ఇంకో బండి ఫ్లాంజిని మేస్త్రి కుర్రాడి వైపు జరిపాడు.