ఇంటి షెడ్డులో పద్మిని

పాత ప్రీమియర్ పద్మిని మీద అంత ఖర్చు దండగ కాదా అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు, ఏసీ ఊసే లేదు. లెక్క వేస్తే దండగే!

నిజం చెప్పాలంటే నాకు కారుకన్నా, దానికోసం చేసుకునే సామాను మీదే మోజు. తుప్పు వదిలించే తొట్టినే చూడండి. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, గుప్పెడు చాకలి సోడా, ఒక బ్యాటరీ ఛార్జరు. నెగటివ్ తీగ తుప్పుపట్టిన భాగానికి, పాజిటివ్ పనికిరాని ఇనుప ముక్కకి. తారుమారైతే బాగుచేయాల్సిన భాగమే కరుగుతుంది. ఇనుము బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడారా, అందులోని క్రోమియం నీటిని విషం చేస్తుంది. పైకొచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది గనక తొట్టి ఆరుబయటే ఉండాలి. సిగరెట్టు ముట్టించే మిత్రులు దూరంగా ఉండాలి. తుప్పు నల్లటి మడ్డిగా మారి బ్రష్షుకే ఊడిపోతుంది. గ్రైండరైతే తుప్పుతోపాటు మంచి రేకునూ గీకేస్తుంది.

తుప్పు తినేసిన ఫ్లోరు రేకు కోసేముందు మాత్రం ఆగాలి. పద్మినికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే దాని ఎముకల గూడు. తలుపుల చోట ఇనుప యాంగ్లర్లు అడ్డంగా వెల్డింగ్ చేయకుండా కోస్తే గూడు కుంగి, తర్వాత తలుపులు పడవు.

తొట్టి, బల్ల, రేకు వంచే బిగింపులు మీరే చేసుకోండి. కారును మోసే స్టాండ్లు మాత్రం కొనండి. ఉత్త జాకీని నమ్మి కారు కిందికి దూరకండి.