తొంభై నిమిషాలు, తొంభై రోజులు

కంఠీరవ స్టేడియంలో మ్యాచ్ చూసి, దగ్గర్లోని దర్శినిలో నిలబడి, రెండు కాఫీలు 'బై టూ' చేసి నలుగురం తాగడం మా అలవాటు. ఒకాయన టెలిఫోన్ ఫ్యాక్టరీలో రిటైరైన కన్నడిగుడు, ఒకాయన ఆస్టిన్ టౌన్ తమిళుడు, మరొకాయన కోళికోడు మలయాళీ, నాలుగోవాణ్ణి నేను. మా తాతగారు హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. చిన్నప్పుడు మా నాన్న ఐటీఐ, హెచ్ఏఎల్ జట్ల ఆటలకు తీసుకెళ్ళేవారు. దారిలో 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం సాహెబ్ కథ చెప్పేవారు. "హైదరాబాదు మనిషిరా" అనేటప్పుడు ఆయన గొంతు మారేది.

అందుకే 2019లో ఐఎస్ఎల్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు నాకు రెండు జట్లయ్యాయి. బెంగళూరు నీలం చొక్కా ఒంటి మీద, హైదరాబాదు లోపల. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో జరిగిన ఫైనల్‌ను నలుగురం మా ఇంట్లో టీవీలో చూశాం. కేరళ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. నేను అరిచిన అరుపుకి మలయాళీ మిత్రుడు లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఏం గురూ, ఇన్నాళ్ళూ మా బెంగళూరువాడివే అనుకున్నామే!" అన్నాడు కన్నడ మిత్రుడు.

సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాల్సిన అవసరమూ లేదు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్ళి పేరు మార్చుకుంది. అసలు అది వచ్చిందే పుణె జట్టు మూతపడిన ఖాళీలోకి. బ్రాంచి ఎత్తేసి మరో ఊళ్ళో తెరిచినట్టు! కాని బ్రాంచిని తరలిస్తే మేం ఖాతాదారులకు నోటీసు పంపుతాం.

మా కాఫీ చర్చల్లో రూల్స్ గొడవ తెగేది కాదు. 2021-22 నుంచి మైదానంలో విదేశీయులు ఐదుగురి బదులు నలుగురే అన్నారు. మనవాళ్ళకి చోటు దొరికిందని తమిళ మిత్రుడు, ఆట పలచబడిందని మలయాళీ. ఐ-లీగ్ గెలిచి 2023లో పంజాబ్, 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ పైకొచ్చాయి. 2024-25 ముగిసేదాకా కిందికి దిగిన జట్టు మాత్రం ఒక్కటీ లేదు. నేను కామర్స్ చదివినవాణ్ణి, నా లెక్క ఒకటే: పాయింట్లు లేక పోయిన జట్టు లేదు, డబ్బు లేక పోయిన జట్లున్నాయి.

ఆ లెక్క 2025లో మా అందరికీ అర్థమైంది. ఫెడరేషన్ 2010లో లీగు హక్కుల్ని 15 ఏళ్ళకు రాసిచ్చిన ఒప్పందం ఆ డిసెంబరుతో ముగుస్తుంది. కొత్తది కుదరలేదు. జులైలో సీజన్ ఆపేశామన్నారు. ఆగస్టులో మా బెంగళూరు క్లబ్బు మొదటి జట్టు ఆటగాళ్ళకూ సిబ్బందికీ జీతాలు నిలిపేసింది. గడువు తేదీ పదిహేనేళ్ళ ముందే తెలిసిన కాగితమది. మా బ్యాంకులో ఏ గుమాస్తా అయినా ఆర్నెల్ల ముందే రెన్యూవల్‌కి గుర్తు పెట్టుకుంటాడు.

ఆ రోజుల్లోనే నా టేబుల్ దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. ఒక క్లబ్బులో జట్టు సామాన్లు చూసే పని. బైకు లోను వాయిదా తప్పింది. నా పేరుపలక చదివి, "మీరు తెలుగువారేనా సార్? మాది కోలారు పక్క పల్లె" అన్నాడు. జీతం ఎప్పుడొస్తుందని అడిగాను. "సీజన్ మొదలైతే సార్" అన్నాడు. ఆ మాట అప్లికేషన్‌లో ఏ గడిలో రాయాలి?

ఆటకు 90 నిమిషాలు, అప్పుకు 90 రోజులు. బాకీ ఆ గడువు దాటితే ఖాతా నిరర్థక ఆస్తి కింద పడుతుంది, కుర్రాడి పేరు మీద మచ్చ ఉండిపోతుంది. కనీసం ఒక వాయిదా గడువులోగా కట్టమని చెప్పాను. నేను చేయగలిగింది అంతే. ఆ సాయంత్రం కాఫీ దగ్గర, స్టాండ్స్‌లో నిలబడి మేం అరిచిన పేర్లలో ఈ కుర్రాడిది ఒక్కసారీ లేదు కదా అనిపించింది.

చివరికి 2026 ఫిబ్రవరి 14న లీగు మొదలైంది, 14 జట్లతో, ఒకే చుట్టుగా 91 మ్యాచ్‌లు. "సగం సీజనేనా!" అని మిత్రులు గొణిగారు. నేను మాత్రం ముందు కంప్యూటర్‌లో ఒక లోను ఖాతా తెరిచి చూశాను.

రెండు వాయిదాలు కట్టి ఉన్నాయి. 82 రోజుల దగ్గర ఒకటి. ఆ సాయంత్రం నాలుగు కాఫీలు నేనే ఇప్పించాను. ఎందుకో మిత్రులకు చెప్పలేదు, ఖాతాదారుడి విషయం కదా.