నిలిచిన బండికి వయసెంత?

‘స్పోర్ట్ టూరర్’ అన్న మాటకు తెలుగులో ఏమనాలి అని మా తమ్ముడి కొడుకు అడిగాడు. తెలుగు పండితుణ్ణి గనుక ఇటువంటి ప్రశ్నలు నాకు తప్పవు. అంతర్జాలమన్న మాటను నిలబెట్టుకున్నవాళ్ళం, దీనికి జంకుతామా? ‘దూరయాన ద్విచక్రిక’ అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, “బండి అందాం పెదనాన్నా” అన్నాడు. సరే, బండి అనే అందాం.

మాట ఎలా ఉన్నా వస్తువు గురించి చెప్పుకోవాలి. పందేలకని పుట్టిన బండి మీద గంటసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుంది. తాపీగా నడిచే బండి మీద రోజంతా కూర్చోవచ్చు గాని, లారీని దాటవలసిన చోట అది వెనుకాడుతుంది. ఈ రెంటికీ నడుమ పుట్టిన జాతి ఇది. 1976లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ గాలిసొరంగంలో పరీక్షించి తీర్చిన నిండు తొడుగుతో ఆర్ 100 ఆర్‌ఎస్ అనే బండిని విడుదల చేసింది. 1990లో హోండా వారి ఎస్‌టీ 1100 ఏకంగా 28 లీటర్ల ట్యాంకుతో వచ్చింది. మన మధ్యతరగతికి ఆ రుచి చూపించినది 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా: 223 సీసీ, సుమారు 17 అశ్వశక్తి, అయిదు గేర్లు, 15 లీటర్ల ట్యాంకు. ఆ విదేశీ బళ్ళ పక్కన ఇది పసిపిల్ల. కాని లీటరుకు 35 కిలోమీటర్లు వేసుకున్నా ఒక్క ట్యాంకుతో 500 దాటిస్తుంది. కరిజ్మా గ్రీకు మాట. అనుగ్రహంగా లభించిన వరమని అర్థం.

మా తమ్ముడు 2006లో ఆ బండి కొన్నాడు. ఏటా సంక్రాంతికి చందానగర్ నుంచి శ్రీకాకుళం దాటి మా ఊరికి దాని మీదే వెళ్ళేవాడు. దూరం సుమారు 750 కిలోమీటర్లు. రాజమహేంద్రవరంలో ఒక రాత్రి మజిలీ. 2019లో వాడు జబ్బుచేసి పోయాడు. అప్పటినుంచి బండి అపార్టుమెంటు సెల్లారులో, టార్పాలిను కింద నిలిచిపోయింది. వాడి కొడుకు రాయదుర్గంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ సంక్రాంతికి అదే బండి మీద అదే దారిన వెళ్తానని కిందటి కార్తీకంలో పట్టుబట్టాడు.

మా మరదలు నాకు ఫోను చేసి, “బావగారూ, మీరొకసారి చూసి పనికిరాదని చెప్పండి. మీ మాటైతే వింటాడు” అన్నది.

ముప్పైయేళ్ళకు పైగా జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. మార్కు ముందు చెప్పి ఆపైన పత్రం చేతికివ్వడం నాకు కొత్త కాదు. అలా దిద్దడం మాత్రం చేతకాదు. “చూస్తానమ్మా, కనబడినది చెబుతాను” అన్నాను. పండితుడికి బళ్ళ సంగతేమిటని మీకు సందేహం రావచ్చు. రాజ్‌దూత్ మీదా, ఆ తరువాత చేతక్ మీదా పల్లెటూరి బడులకు తిరిగిన శరీరమిది. నడిరోడ్డు మీద ప్లగ్గు విప్పి తుడవడం నాకు గణవిభజనంత కంఠస్థం.

సెల్లారులో టార్పాలిను తీయగానే పిల్లవాడు మీటరు చూపించాడు. “41 వేలే తిరిగింది పెదనాన్నా.” పాత బండి కొనేవారందరూ మొదట చూసేది ఆ అంకెనే. అది తిరిగిన దూరం చెబుతుంది, నిలిచిన కాలం చెప్పదు. తిరిగే బండిలో లోహం అరుగుతుంది. నిలిచిన బండిలో రబ్బరు ఎండుతుంది, ద్రవాలు చెడతాయి, తుప్పు లోపలికి పాకుతుంది. అరుగుదల చెవికి వినబడుతుంది, చేతికి తెలుస్తుంది. ఈ రెండో వార్ధక్యం చప్పుడు చేయదు. తాళపత్ర ప్రతిని చేతిలోకి తీసుకున్నవాడు ముందుగా పద్యం చదవడు. అంచులు చూస్తాడు, పురుగు ఎటునుంచి తొలిచిందో చూస్తాడు. ఇక్కడా అదే పద్ధతి.

టైరు పక్కభాగాన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. ముందు టైరు మీద 3116 అని ఉంది, అంటే 2016లో 31వ వారం. గాడుల లోతు చక్కగానే ఉంది. అందుకే దాన్ని నమ్మరాదు. బొటనవేలి గోరు నొక్కితే దిగలేదు. గాడుల అడుగున వెంట్రుకవాసి బీటలు. ఎండిన రబ్బరు తడిరోడ్డును పట్టుకోదు.

ఎక్కువసేపు కూర్చున్నది బ్రేకు దగ్గర. “పడుతోంది కదా” అన్నాడు వాడు. సెల్లారులో పదడుగులు తోసి నొక్కితే ఏ బ్రేకైనా పడుతుంది. ముందు చక్రపు డిస్కును పట్టించేది గొట్టంలోని బ్రేకాయిలు. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. కొత్తది లేత పసుపుగా ఉంటుంది. ఇక్కడ చిన్న డబ్బా మూత తీస్తే డికాక్షను రంగు. ఘాటు దిగేటప్పుడు మాటిమాటికీ బ్రేకు వేస్తే ఆ వేడికి లోపలి తేమ ఆవిరి అవుతుంది. ద్రవం నొక్కితే నొక్కుడు అవతలి కొసకు చేరుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది, కొస వరకు ఏమీ చేరదు. పిడి వేళ్ళకు తగిలేదాకా వస్తుంది, బండి ఆగదు. ఇది ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ ఎన్నటికీ తెలియని దోషం. దూరప్రయాణానికి బండి చూడడమంటే ఇటువంటి దోషాలను వెదకడమే. ఎంత వేగం పోతుందన్నది ఆ తరువాతి మాట. మెకానిక్కు కాలిపర్ విప్పి చూపిస్తే పిస్టను సగం బిగుసుకుని ఉంది.

ట్యాంకులోకి టార్చి వేస్తే అడుగున ఎర్రటి తుప్పు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. అదీ తేమను పిలుచుకునేదే. 2006 నాటి రబ్బరు గొట్టాలూ వాషర్లూ ఆ మిశ్రమాన్ని ఉద్దేశించి చేసినవి కావు; అన్నిటినీ మార్చవలసిందే. బండిని స్టాండు మీద నిలిపి హ్యాండిలును మెల్లగా తిప్పితే సరిగ్గా నడుమ చిన్న గంటు తగిలింది. కోన్‌సెట్ పోయిందన్నమాట. ఫోర్కు సీళ్ళు, చెయిను, బ్యాటరీ సరేసరి.

ఇంజను? మంచి రక్తం. కొత్త బ్యాటరీ పెట్టి, కార్బురేటరు శుభ్రం చేశాక లేచింది, పొగ లేదు. మా మరదలు బాల్కనీలోంచి ఆ చప్పుడు విని లోపలికి వెళ్ళిపోయింది.

విడిభాగాల మాట. హీరో, హోండా విడిపోతున్నట్టు 2010 డిసెంబరులో ప్రకటించారు. 2011లో ఆ సంస్థ హీరో మోటోకార్ప్ అయింది. 2023లో కరిజ్మా పేరుతోనే కొత్త బండి వచ్చింది గాని, దాని ఇంజనే వేరు, ద్రవంతో చల్లబడేది. దాని సామాను దీనికి పనికిరాదు. కాబట్టి పుత్లీబౌలి దుకాణాలే శరణ్యం. నేను ఒక్కటే ప్రశ్న వేసుకుంటాను: భోగినాడు తుని దగ్గర ఆగిపోతే ఏది దొరుకుతుంది, ఏది దొరకదు? దొరకనివి సంచిలో ఉండాలి. క్లచ్చి కేబులైతే పాతదాని వెంటే కొత్తదీ కట్టి ఉంచుకోవడం ఉత్తమం. తెగినచోటనే కొసలు మార్చుకుని సాగిపోవచ్చు.

కాగితాల సంగతి చాలామంది చివరికి వదిలేస్తారు. 15 ఏళ్ళు నిండిన బండికి పరీక్ష చేయించి, రిజిస్ట్రేషనును అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఇది ఇంకా తండ్రి పేరనే ఉంది. వారసుడి పేరుకు మార్చి, బీమా కొత్తగా కట్టనిదే గేటు దాటరాదన్నాను.

బండి తరువాత చూడవలసినది నడిపేవాణ్ణి. మావాడు రోజూ చందానగర్ నుంచి రాయదుర్గం వెళ్ళి వస్తాడు, మిగతా కాలమంతా కుర్చీలో. అవుటర్ రింగురోడ్డు మీదికి ద్విచక్రాలను రానివ్వరు గనుక కూకట్‌పల్లి, అమీర్‌పేట, ఎల్బీనగర్ మీదుగా నగరాన్ని అడ్డంగా దాటాలి. అక్కడే సగం ఓపిక ఖర్చవుతుంది. మా ఇంటి ముందు నుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారే విజయవాడకూ పోతుంది, ఆపైన 16. తమ్ముడు బండి కొన్న నాడు వాటి నంబర్లు 9, 5. ఆ దారిలో ఏ మలుపు దగ్గర మంచు దిగుతుందో వాడికి ఏళ్ళ తరబడి తెలిసింది. బండి వారసత్వంగా వస్తుంది గాని ఆ తెలివిడి రాదు.

ఇదంతా రెండు పేజీలు రాసి తల్లీకొడుకులిద్దరి ముందూ చదివాను. బండి పనికివస్తుంది. 22 వేల రూపాయల పని ఉంది. ఈ సంక్రాంతికి మాత్రం కాదు. ముందు వంద కిలోమీటర్లు, ఆపైన రెండువందలు, ఆ తరువాతే ఊరు.

“మీరూ వాడి పక్షమేనా బావగారూ?” అన్నది మరదలు.

“పనికిరాదని ఇవాళ నేను అబద్ధమాడితే, రేపు నాతో చెప్పకుండా మరొకటి కొంటాడమ్మా. దానికి బ్రేకు ఎవరు చూస్తారు?”

ఆమె జవాబు చెప్పలేదు. పిల్లవాడి ముఖమూ వాడిపోయింది. పండగకు ఇద్దరూ రైల్లోనే వెళ్ళారు.

మొదటి వంద అంటే జహీరాబాదు. తిరుగుదారిలో, సదాశివపేట దగ్గర బండి ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. ట్యాంకు కడిగించినా ఏ మూలనో మిగిలిన తుప్పుపొట్టు ఫిల్టరుకు అడ్డుపడింది. వాడే విప్పి, ఊది, సంచిలోని కొత్త ఫిల్టరు బిగించుకుని అరగంట ఆలస్యంగా ఇంటికి చేరాడు. ఈసారి ట్యాంకును ఆమ్లంతో కడిగించాం. మరదలు ఆ సాయంత్రం గేటు దగ్గరే నిలబడి ఉందని వాచ్‌మన్ చెప్పాడు.

రెండోసారి బయలుదేరే ముందు ఆమే తమ్ముడి హెల్మెటు తుడిచి తెచ్చింది. లోపలి నురుగు నొక్కి చూశాను. వేళ్ళకు పొడి అంటింది. దాన్ని తిరిగి అలమరలో పెట్టమని, ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొనిపించాను. ఈ ఒక్క విషయంలో ఆమె నాతో చాలాసేపు వాదించింది.

శివరాత్రి జనం తగ్గాక శ్రీశైలం. పోవడానికి సుమారు 230 కిలోమీటర్లు, చివర ఆనకట్ట దాకా దిగే ఘాటు మలుపులు. బ్రేకుకు అసలైన పరీక్ష అదే. మన్ననూరు దగ్గర అటవీశాఖవారు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు దారి మూసివేస్తారు గనుక చీకటిపడక ముందే అడవి దాటాలి. వెనుక సీటు మీద నేను కూర్చుంటానన్నాను. నా బరువు కూడా లెక్కలోకి రావాలి కదా. పిల్లవాడు ఒప్పుకున్నాడు, మా ఇంటావిడ ఇంకా ఒప్పుకోలేదు.