నాటక విద్యార్థి దినచర్య

నాటకమాడుట వినోదమనియు, నాటకము నేర్చుట అంతకన్న సులభమైన వినోదమనియు లోకమున ఒక తలంపు కలదు. రంగస్థలముమీద రెండు గంటలు వెలుగు దీపములను చూచువారికి వాని వెనుక నుండు నెలల శ్రమ కానరాదు. భాషోపాధ్యాయ శిక్షణ ముగించిన పిదప, 2004లో, మేము అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజధానియగు హైదరాబాదులో ఒక నాటక శిక్షణ తరగతిలో చేరి చదివితిమి. అచ్చటి సంగతులను మా విద్యార్థులు పలుమారు అడుగుచుండుటచే ఇచ్చట కొంత వ్రాయుచున్నాము.

తెల్లవారుజామున ఐదున్నరకు గంట మ్రోగెడిది. మొదటి పని రంగస్థలమును ఊడ్చుట. ఎంతటి ఇంటి బిడ్డయైనను తన వంతు వచ్చిన దినమున చీపురు పట్టవలసినదే. పిదప సూర్యనమస్కారములు, ఆపైన ఊపిరి సాధన. వెల్లకిల పరుండి, పొట్టమీద పుస్తకము నుంచుకొని, అది మెల్లగా లేచి మెల్లగా దిగునట్లు గాలి పీల్చి విడిచెడివారము. ఊపిరి నిలిచినగాని పద్యపాదము నిలువదు. గాలి చాలనిచో పాదము చివరి మాట వెనుక వరుసవానికి చేరదు.

తరువాత ఉచ్చారణ. ఇందులకు మా గురువుగారు క్రొత్త పాఠమేదియు తేలేదు. ఒకటవ తరగతి వర్ణమాలనే చెప్పించిరి. క, చ, ట, త, ప వర్గములు కంఠమునుండి తాలువునకు, మూర్ధమునకు, దంతములకు, పెదవులకు వరుసగా నడచివచ్చును. నోటిలోని ప్రతి తావునకును పని కల్పించు వ్యాయామము ఆ వరుసలోనే ఉన్నదని మేము అచ్చట గ్రహించితిమి. పెదవుల యెదుట అరచేతి నుంచుకొని, 'ప' అన్నప్పటికన్న 'ఫ' అన్నప్పుడు గాలి ఎక్కువగా తాకుచున్నదో లేదో పరీక్షించుకొనెడివారము.

పగటివేళ పుస్తకపాఠము. భరతుని నాట్యశాస్త్రము చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయములను నేర్చెడివారము. భోజనానంతరము చేతిపని: కర్ర కోయుట, తెరగుడ్డకు రంగు పూయుట, గడ్డములు కట్టుట, దీపములు అమర్చుట. రాజు వేషధారికిని మేకులు కొట్టు వంతు తప్పదు. సాయంకాలము మొదలు రాత్రి తొమ్మిది వరకు నాటకాభ్యాసము. మాకు మొదట దొరకిన వేషము బల్లెము పట్టి నిలుచు భటుడు. ఒక్క మాటయు లేదు. ఇతరుల మాట వినుచు కదలక నిలుచుట ఎంత కష్టమో నెలదినములలో బోధపడినది.

ఇట్టి శిక్షణాలయములు లేని కాలమున కుటుంబమే పాఠశాల. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో ఆరంభించిన సురభి నాటక సమాజములో, పిల్లలు తల్లిదండ్రుల వేషములను చూచుచు, మాట నేర్చిన చోటనే పాత్రయు నేర్చిరి.

పద్యపఠన తరగతిలో మాకొక చిక్కు వచ్చినది. మేము నోరు తెరచినంతనే తోటివారు కొందరు నవ్వెడివారు. మాది రాయచూరు సీమ తెలుగు; వాక్యము చివర కన్నడపు రాగము వినబడెడిదట. కొన్ని దినములు మేము మాటాడుటయే తగ్గించితిమి. గురువుగారు గమనించి, ఒక నాటికలో సరిహద్దు గ్రామపు బండివాని వేషమును మాకిచ్చి, ఇంటి మాటతోనే ఆడుమనిరి. మరుసటి నెలలో అదే నోటితో పౌరాణిక పాత్రను చెప్పించిరి. ఒక పలుకుబడిని నేర్చుటకు ఇంకొకదానిని చంపనక్కరలేదని మాకు ఆనాడు తెలిసినది.

మన పొరుగు జిల్లా బళ్లారిని చూడుడు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను నడపినది అచ్చటనే. బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాదియై యుండియు తెలుగు, కన్నడ, ఆంగ్ల నాటకములలో నటించి కీర్తి గాంచెను. కన్నడ రంగస్థలమునకు చెందిన బి. వి. కారంత్ సురభివారికి శిక్షణనిచ్చి వారిచే తెలుగు నాటకము లాడించెను. రెండు భాషల నడుమ నిలుచుట వీరికెవ్వరికిని లోపము కాలేదు. నాటకము నేర్వగోరు మన పిల్లలకు హైదరాబాదే గాక, కె. వి. సుబ్బణ్ణగారి నీనాసం సంస్థ శివమొగ్గ జిల్లా హెగ్గోడులో 1980లో నెలకొల్పిన కన్నడ నాటక శిక్షణాలయమును కలదు.

ఇంతగా వ్రాయుటకు కారణమొకటి యున్నది. గత సంవత్సరము మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె బిగ్గరగా చదువుట మానివేసినది. హైదరాబాదులో జరిగిన పెండ్లిలో బంధువులు ఆమె మాటను పరిహసించిరట. తండ్రి వచ్చి మమ్ము అడిగినాడు: "సారూ, ఇక్కడ మమ్మల్ని తెలుగోళ్లంటారు, అక్కడికి పోతే కన్నడపోళ్లంటారు. మా పిల్ల ఏ నోటితో మాట్లాడాల?"

ఆ ప్రశ్నకు మాటతో చెప్పదగిన సమాధానము మాకు తోచలేదు. మరునాటి నుండి కల్మలలోని మా తరగతిలో పాఠమునకు ముందు పది నిమిషములు ఊపిరి సాధనయు, వర్ణమాలయు పెట్టితిమి. తరువాత ప్రతి విద్యార్థియు ఒక సంగతిని మొదట ఇంటి తెలుగులో చెప్పి, పిదప పుస్తకపు తెలుగులో చెప్పవలెను. ఆ బాలిక మూడు వారములు పెదవులు మాత్రమే కదల్చినది. నాలుగవ వారమున వాళ్ల అవ్వ చెప్పిన వాన సంగతిని రెండు విధములను చెప్పినది. గొంతు వణకినది గాని, చివరి మాట వెనుక బల్లవరకు వినబడినది.

తల్లిదండ్రులారా! ఇంట మీ తెలుగునే మాటాడుడు. పుస్తకపు తెలుగును మేము నేర్పెదము. కన్నడమును పిల్లలు వీధిలోనే నేర్చుకొందురు. మీ బిడ్డ మాటను ఎవరైన నవ్వినచో, మీరు మాత్రము ఆ నవ్వులో కలియకుడు. అంతమాత్రము మీరు చేసినచో, మిగిలిన శ్రమ మాది.