ముందు ఎవరికైనా చెప్పండి

డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలో మనం చెప్పక్కర్లేదు. మోసపోయాక ఏం చెయ్యాలో చెప్పాలి.

లోన్ యాప్ వాడు ఫొటో మార్ఫ్ చేసి కాంటాక్టులందరికీ పంపుతానంటాడు. వీడియో కాల్ రికార్డు చేసినవాడు డబ్బు అడుగుతాడు. ఇద్దరి పెట్టుబడీ ఒకటే: ఆ పిల్లవాడు ఇంట్లో చెప్పలేడన్న ధీమా. ఒకసారి డబ్బు పంపితే, ఇస్తాడని తెలిసి ఇంకా పీడిస్తారు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డబ్బు పంపకండి. చాట్లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. మనసు కుంగిపోతుంటే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమ్మానాన్నలకూ, లెక్చరర్లకూ ఒక మాట. పిల్లలు వచ్చి చెప్పినప్పుడు "నీకెందుకురా ఆ ఫోను" అని మొదలుపెట్టకండి. "చెప్పి మంచి పని చేశావు, పద చూద్దాం" అనండి. ఆ మాట వినబడుతుందన్న నమ్మకం ఉంటే చాలు, బెదిరింపుకు సగం బలం అక్కడే పోతుంది.